తుఫాను సాయం: ఎవరి చేతికి, ఎప్పుడు, ఏ రూపంలో?

(పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తుఫాను చందాల గురించే. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్లతో పాటు సరిహద్దు అవతల ఆంధ్రలోని ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా రాశారు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: బరంపురంలో మా కాలనీ తెలుగు ఆడవాళ్లం దసరా చందాల్లో మిగిలినదానికి తలా కొంత వేసి 85 వేలు పోగుచేశాం. ముఖ్యమంత్రి సహాయనిధికి పంపేద్దామని కొందరు, పేరున్న సంస్థకిద్దామని కొందరు, ఊళ్లో సంఘానికే ఇద్దామని ఇంకొందరు. ఏది మేలు?

మూడూ మంచివే, కాని మూడూ ఒకే పని చెయ్యవు. సహాయనిధికి ఇచ్చిన డబ్బు భద్రం, పన్ను రాయితీ కూడా ఉంటుంది. ఫలానా ఊరికే చేరాలని మాత్రం మీరు అడగలేరు. పెద్ద సంస్థకు మనుషులు, ఆడిట్, అనుభవం ఉంటాయి. మీకు దగ్గర్లోనే మొహుదాలో గ్రామ వికాస్ ఉంది. 1979లో మొదలైన సంస్థ, పల్లెల్లో మంచినీళ్లు, మరుగుదొడ్ల పనిలో దానికి మంచి పేరు. నీళ్ల పథకాలు పాడైన ఊళ్ల కోసం అలాంటివాళ్లకివ్వడం అర్థవంతమైన పని.

ఊరి సంఘం బలం వేరే చోట ఉంది. సర్కారు సాయం ఎలా దిగుతుందో చూడండి. మొదటి రోజుల్లో అటుకులు, బెల్లం, పాలిథిన్ పట్టాలు, పంచాయతీ వంటశాల. ఆ తర్వాత ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు), పంచాయతీ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి నష్టం రాస్తారు. పరిహారం బ్యాంకులో పడేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు. వంటశాల ఎత్తేసిన రోజుకీ, బ్యాంకులో డబ్బు పడిన రోజుకీ మధ్య ఉన్న ఖాళీయే అసలు కష్టకాలం. ఆ ఖాళీలో కూడా కొందరి పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు: అద్దె ఇళ్లవాళ్లు, కాగితం లేని కౌలుదార్లు, రేషను కార్డులో పేరెక్కని కొత్త కోడళ్లు, మగవాళ్లు సూరత్ మగ్గాల దగ్గర ఉండి బ్యాంకు పుస్తకం కూడా వాళ్ల దగ్గరే ఉండిపోయిన ఇళ్లు. గంజాంలో ఈ చివరి రకం ఇళ్లు ఎన్నో మీకే తెలుసు. ఎవరి పొయ్యి వెలగలేదో ఊరి మహిళా సంఘానికి అడక్కుండానే తెలుస్తుంది.

85 వేల మాటకొస్తే, మేమైతే మొదటి వారంలో 25 వేలకు మించి కదిలించం. అది వంటసరుకుకి, మంచినీళ్లకి. మిగతా 60 వేలు మూడో వారం దాటాక కప్పులకీ, విత్తనాలకీ, చిన్న పెట్టుబడులకీ. తుఫాను వెళ్లిన నాలుగు రోజులు అందరూ ఇస్తారు, నలభయ్యో రోజున ఎవరూ ఉండరు. అప్పుడు ఇచ్చే వెయ్యి రూపాయలకు ఇప్పటి వెయ్యి కంటే విలువెక్కువ. మొత్తం ఒక్క సంఘానికే ఇవ్వకుండా రెండిటికి పంచండి, మూడో సంఘం వద్దు. ముగ్గురి లెక్కలు అడిగే ఓపిక మీకుండదు, అడగని లెక్క ఎవరూ రాయరు.

ప్రశ్న: వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్‌లు తెగ తిరుగుతున్నాయి. రిజిస్ట్రేషన్ లేని ఊరి సంఘాన్ని నమ్మడం ఎలా? (ఛత్రపురం)

రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన దొంగ సంఘం కాదు, ఉన్నంత మాత్రాన నిజాయితీ సంఘమూ కాదు. ఫార్వర్డుగా వచ్చిన క్యూఆర్‌కి మాత్రం ఎంత జాలి పుట్టినా పంపొద్దు. అసలు పోస్టరు మీద కోడ్ ఒక్కటి మార్చి తిప్పడం చాలా తేలిక, పైన ఫొటోలూ పేర్లూ నిజమైనవే ఉంటాయి. ఆ సంఘంలో మనిషికి ఫోన్ చేసి ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ నోటితో చెప్పించుకోండి. ముందు ఒక్క రూపాయి పంపి, తెరమీద కనిపించే పేరు వాళ్లు చెప్పిన పేరేనా అని చూడండి. డబ్బు తీసుకోవడానికి ఎవరూ పిన్ నొక్కక్కర్లేదు. ‘రీఫండ్ వస్తుంది, పిన్ కొట్టండి’ అన్నవాడు దొంగ.

ఇక మనుషుల సంగతి. ఆ ఊరి అంగన్‌వాడీ దీదీ, ఆశా దీదీ, వార్డు మెంబరు, ఈ ముగ్గురిలో ఇద్దరిని విడివిడిగా ఒకే మాట అడగండి: కిందటి తుఫానుకి ఈ సంఘం ఏం చేసింది? జవాబులు కలిస్తే చాలు. తీరం ఊళ్లలో తుఫాను ఆశ్రయ కేంద్రాన్ని చూసుకునే ఊరి కమిటీ కూడా ఉంటుంది. ఎవరి ఇంట్లో ముసలివాళ్లున్నారో, ఎవరికి నిండు నెలలో వాళ్ల దగ్గర రాసి ఉంటుంది. రిజిస్టరైన సంస్థ అయితే స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ వారి వెబ్‌సైటు ఎన్‌జీఓ దర్పణ్‌లో పేరు వెతకండి, పాన్ సంస్థ పేరు మీదే ఉందా చూడండి.

సంఘాన్ని అడగాల్సినవి మూడే. డబ్బు తీయడానికి ఎన్ని సంతకాలు కావాలి? (ఒక్కటే అంటే ఆగండి.) ఎవరెవరికి ఇస్తారో జాబితా ఎవరు రాస్తారు? మిగిలితే ఏం చేస్తారు? మూడోదానికి జవాబు రెడీగా ఉన్న సంఘం సాధారణంగా మంచి సంఘమే.

ప్రశ్న: ఇచ్ఛాపురం కుర్రాళ్లం ఒక లారీ నిండా బట్టలు, బియ్యం, బిస్కెట్లు, నీళ్ల సీసాలు పోగుచేసి గజపతి కొండల్లోకి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మొదటి జాగ్రత్త, ఇప్పుడే బయల్దేరకపోవడం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తీరానికి అంత దూరంలో ఉన్న గజపతిలో బారఘరా దగ్గర కొండచరియ విరిగిపడి ఎంతోమంది చనిపోయారు. తీరంలో గాలి తగ్గినా కొండల మీద వాన రెండు మూడు రోజులు పడుతూనే ఉంటుంది, నానిన మట్టి ఆ తర్వాత కూడా జారుతుంది. మొదటి 72 గంటల్లో ఘాట్ రోడ్డెక్కిన లారీ చెట్లు కొట్టేవాళ్లకీ, అంబులెన్సులకీ అడ్డం. గజపతి కలెక్టరేట్ అత్యవసర కేంద్రానికి ఫోన్ చేసి ఏ దారి తెరుచుకుందో కనుక్కోండి. ఆ జిల్లాలో ఉన్నవాళ్లు 1077 కొడితే చాలు. మీ ఇచ్ఛాపురం నుంచి కొడితే శ్రీకాకుళం కేంద్రానికి పోవచ్చు, అందుకని గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడిలో ఉన్నవాళ్లెవరిచేతైనా చేయించండి.

రెండో సంగతి, పాత బట్టలు. వద్దు. ప్రతి తుఫాను తర్వాతా జాతీయ రహదారి పక్కన తడిసి కుప్పలుగా పడి ఉండేవి అవే. చీర ఉంటే లంగా ఉండదు, చొక్కాకి గుండీలుండవు, పిల్లల కొలతలు కలవవు. విడదీయడానికి పదిమంది రెండు రోజులు కూర్చోవాలి, ఆ పదిమందీ అప్పుడు సొంత ఇళ్ల కప్పులు ఎక్కాల్సినవాళ్లు. ఇవ్వాలనే ఉంటే కొత్తవి, ఒకే రకంగా: లుంగీలు, దుప్పట్లు, తువ్వాళ్లు, నెలసరికి మెత్తటి నూలు గుడ్డ. దోమతెరలు తప్పకుండా కలపండి. ఆ కొండల్లో మలేరియా పాత శత్రువు, వాన తగ్గిన రెండు మూడు వారాలకు విజృంభిస్తుంది. నీళ్ల సీసాలు కూడా దండగ. ఒక మనిషికి తాగడానికే రోజుకు 2.5 నుంచి 3 లీటర్లు కావాలి. ఇంటికి ఐదుగురు చొప్పున వంద ఇళ్లకు వారానికి లెక్కేసుకుంటే తొమ్మిది, పది టన్నులవుతుంది. ఆ బరువు మోసే బదులు మూతలున్న 20 లీటర్ల డబ్బాలు, క్లోరిన్ మాత్రలు ఇవ్వండి. ఒక్కో మాత్ర ఎన్ని లీటర్లకో పట్టీ మీద ఉంటుంది. నీళ్లను ముందు గుడ్డతో వడకట్టాలి, మాత్ర వేశాక అరగంట ఆగాలి. ఇది సవర భాష తెలిసినవాళ్లతో చెప్పించండి. మాత్రని మందనుకుని మింగేసే ప్రమాదం నిజంగా ఉంది.

ఇంక బియ్యం. ఐదుగురున్న ఇంటికి వారం రోజుల మూటలో ఇవి ఉంటే సరిపోతుంది: బియ్యం 14 కిలోలు, పప్పు 2 కిలోలు, నూనె లీటరు, ఉప్పు కిలో, బెల్లం కిలో, బంగాళాదుంపలు 2 కిలోలు, ఉల్లిపాయలు కిలో, పసుపు కారం తలా వంద గ్రాములు, ఒంటి సబ్బులు రెండు, బట్టల సబ్బు రెండు, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు. మొత్తం 22, 23 కిలోలు తూగుతుంది. ఒకే బస్తాలో కుక్కారంటే కొండమీది ఊరికి ఆడమనిషి మోసుకెళ్లలేదు, దారిలో విప్పి సగం అక్కడే వదిలేస్తుంది. రెండు సంచులు చెయ్యండి, నూనె, ఉప్పు, సబ్బు వేరే కవర్లో. సబ్బు వాసన పట్టిన బియ్యం పిల్లలు తినరు. అక్కడ ఉప్పుడు బియ్యం తినే ఇళ్లు చాలా ఉన్నాయి, చోడి (రాగి) అలవాటున్నవి ఉన్నాయి. కొనేముందు ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోతుంది.

కొనడం కూడా ఇచ్ఛాపురంలో వద్దు, పర్లాకిమిడిలోనో మొహనలోనో కొనండి. కిరాయి మిగులుతుంది, నాలుగు రోజులుగా మూతపడ్డ అక్కడి దుకాణం తెరుచుకుంటుంది, తక్కువ పడితే మర్నాడు మళ్లీ తెచ్చుకోవచ్చు. సరిహద్దు దాటించక తప్పకపోతే దుకాణం బిల్లులు, సంఘం లెటరు, సరుకు జాబితా డ్రైవరు దగ్గరుంచండి. సరుకు విలువ 50 వేలు దాటితే అమ్మిన దుకాణదారు చేతే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఉండాల్సిన పత్రం) చేయించండి. వంద మూటలంటే రెండు టన్నుల పైమాటే. ఒక పికప్ బండికి ఒకటిన్నర టన్ను మించి ఎక్కించి ఆ తడి ఘాట్ రోడ్డు మీదికి పంపొద్దు.

పంపకం రోజున బండి దగ్గర తోపులాట జరిగిందంటే తప్పు ముందురోజుదే. పంచేది ఊరి సంఘం, మీరు వెనకుండండి. ముందురోజు సాయంత్రం ఇంటింటికీ సంఘం వాళ్లు చీటీలివ్వాలి. చీటీ మీద ఇంటి పెద్ద పేరు ఒడియాలో ఉండాలి, తెలుగులో రాస్తే అక్కడి కుర్రాళ్లు చదవలేరు. వందకి ఐదారు మూటలు చేతిలో అదనంగా ఉంచుకోండి, జాబితాలో లేని ఇల్లు కచ్చితంగా బయటపడుతుంది. ముఖాలు కనిపించేలా ఫొటోలు తీయొద్దు. బియ్యం సంచి పట్టుకుని కెమెరా ముందు నిలబడటం వాళ్లకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ప్రశ్న: పసిపిల్లల కోసం పాలపొడి డబ్బాలు పంపొచ్చా? (రాయగడ)

వద్దు. మురికినీళ్లతో కలిపిన పాలపొడితో విరేచనాలు పట్టుకుంటాయి, తల్లిపాలు తగ్గిపోతాయి. పైగా 1992 నాటి పాలపొడి చట్టం ఇలా ఉచితంగా పంచడాన్ని కట్టడి చేస్తుంది. తల్లికి తిండి, నీళ్లు, కూర్చుని పాలివ్వడానికి చాటు చూడండి. తల్లిలేని పసిబిడ్డ ఉంటే ఆశా దీదీ ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చెప్పండి. ఇంట్లో మిగిలిపోయిన మందుబిళ్లల సంగతీ అంతే, పంపొద్దు. ఓఆర్‌ఎస్ పొట్లాలు మాత్రం ఎన్నైనా పనికొస్తాయి.

ప్రశ్న: కప్పులు ఎగిరిపోయిన నలభై ఇళ్లకు టార్పాలిన్లు కొనిస్తామని మా అపార్టుమెంటు వాళ్లు మాటిచ్చారు. దుకాణంలో పది రకాలున్నాయి. ఏది తీసుకోవాలి? (బరంపురం)

సైజు సుమారు 4 మీటర్లు 6 మీటర్లు ఉండాలి, దుకాణం లెక్కలో 13 అడుగులకు 20. చిన్నది తీసుకుంటే ఒక గది కూడా కప్పదు. మందం జీఎస్ఎంలో (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు) అడగండి. తొంభై, వంద జీఎస్ఎం నీలిరంగు పట్టాలు చవగ్గా దొరుకుతాయి, నెలరోజుల ఎండకి పొరలు లేచి చిరుగుతాయి. 170 నుంచి 200 మధ్య తీసుకోండి. డబ్బు చాలకపోతే ముప్పై ఇళ్లకు మంచివి ఇవ్వండి, నలభై ఇళ్లకు నాసిరకం వద్దు. మిగతా పదికి ఇంకొకరిని అడగొచ్చు. అంచుల్లో తాడు పోసి కుట్టి ఉందా, మీటరుకొక కన్నం చొప్పున లోహపు రింగులు వేసి ఉన్నాయా చూడండి. రింగుల్లేని పట్టాకి జనం మేకులు కొడతారు, చిరుగు అక్కడే మొదలవుతుంది.

ఒక్కో పట్టాతో 6 మిల్లీమీటర్ల నైలాన్ తాడు 25 మీటర్లు, నాలుగు వెదురు బొంగులు కూడా ఇవ్వండి. ఇది అందరూ మరిచిపోయే సంగతి. తాడు లేని పట్టా రాళ్లు పెట్టి ఆపుతారు, మొదటి గాలికి రాళ్లు ఇంట్లో పడతాయి. మధ్యలో ఎత్తుగా దూలం లేకపోతే నీళ్లు నిలిచి పట్టా పొట్టలా దిగుతుంది. కొనే ముందు తహసీల్ ఆఫీసులో అడగండి, ఆ ఊరికి సర్కారు పాలిథిన్ అందిపోయి ఉంటే మీ డబ్బు వెదురుకీ, కూలికీ పెట్టొచ్చు. ముసలివాళ్లుండే ఇంటికి పట్టాకన్నా దాన్ని ఎక్కి కట్టే మనిషి ముఖ్యం. రోజు కూలి ఇచ్చి ఊరి కుర్రాళ్ల చేతే కట్టించండి.

ప్రశ్న: గంజాం తీరంలో ఆర్యపల్లిలో మా చుట్టాలు చేపల వేట మీద బతుకుతారు. వలలు కొనివ్వాలని ఉంది. అక్కడి కుల పెద్దలకి ఇస్తే సరిపోతుందా? (భువనేశ్వర్‌లో ఉద్యోగం చేస్తున్న వాడబలిజ యువకుడు)

మీరు కొనొద్దు తమ్ముడూ, వాళ్ల చేత కొనిపించండి. ఒక్కో చేపకి ఒక్కో వల: చిన్న కవళ్ల వల కన్ను పెద్ద వంజరానికి పనికిరాదు, కానాగడతలకి ఇంకొకటి. దాతలు తెచ్చిన వలలు ఎన్నో ఇళ్లలో మూటలుగా పడి ఉండడానికి కారణం ఇదే. అల్లిన జాలు కిలోల లెక్కన అమ్ముతారు. అది ఒక్కటే కొనిస్తే వల కాదు: పైతాడు, బెండ్లు, కింద సీసపు గుండ్లు, వాటిని కట్టే కూలి, అన్నీ కలిస్తేనే నీళ్లలో దిగేది. జాలు ధర కనుక్కుని, మిగతావాటికి ఎంతవుతుందో వల కట్టేవాళ్ల చేత విడిగా లెక్క వేయించండి.

ఏ నెలలో ఇస్తున్నారో కూడా చూడండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర, మోటారు పడవల వేట నిషేధం. ఋషికుల్య ముఖద్వారం వైపు నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్ల కోసం వేరే ఆంక్షలున్నాయి, ఆర్యపల్లి దానికి దగ్గరే. అక్టోబరు తుఫానుకి పోయిన వల డిసెంబరులో చేతికొస్తే ఎక్కడ వేయనిస్తారో మత్స్యశాఖ వాళ్లని అడిగాకే కొనండి.

కుల పెద్దల ద్వారా ఇవ్వడం తప్పు కాదు, ఆ ఊళ్లలో వాళ్ల మాట నడుస్తుంది. ఇబ్బందల్లా పడవ, వల ఉన్నవాడి పేరే ముందు రావడం. పడవలో వాటాకి పోయే కలాసీకి వల ఉండదు, నష్టం మాత్రం వాడికీ ఉంటుంది. చేపలమ్మే ఆడవాళ్ల పేర్లైతే అసలే రావు. వాళ్లకి కావాల్సింది ఐసుపెట్టె, అల్యూమినియం తట్ట, రేవులో సరుకు కొనడానికి నాలుగైదు వేల పెట్టుబడి. అందుకని మీ డబ్బులో సగం పెద్దలకు వలల కోసం, సగం ఆ ఊరి మహిళా సంఘానికి పెట్టుబడుల కోసం అని ముందే కాగితం మీద రాసివ్వండి. చెప్పకపోతే మొత్తం వలలకే పోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో టాంపాలో ఉంటాడు. ఇక్కడి ఊరి సంఘానికి డాలర్లు పంపిస్తానంటున్నాడు. ఇబ్బందేమైనా ఉందా? (పర్లాకిమిడి)

మీ అబ్బాయి పాస్‌పోర్టు ఏ దేశానిది అన్నదాన్నిబట్టి ఉంటుంది. ఇంకా భారత పౌరుడే అయితే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కింద రాదు. సంఘం ఆ పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకుంటే మంచిది. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) మీద ఉంటే మాత్రం అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ మాత్రమే, అదీ ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే తీసుకోవాలి. ఊరి సంఘాలకు అది ఉండదు.

‘నాన్న ఖాతాకి పంపితే నాన్న ఇచ్చేస్తాడు’ అనేది చాలామంది చెప్పే ఉపాయం. కొడుకు తండ్రికి పంపుకోవచ్చు, ఏడాదికి 10 లక్షలు దాటితేనే ప్రభుత్వానికి తెలియజేయాలి. కాని సంఘానికి చేర్చడం కోసమే పంపించి, మీ పేరు మధ్యలో వాడితే అది చట్టాన్ని చుట్టి వెళ్లడమే. చిక్కులో పడేది అమెరికాలో ఉన్న అబ్బాయి కాదు, ఊళ్లో ఉన్న సంఘం కార్యదర్శి. అలాంటప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థకి పంపి, ఫలానా బ్లాకులో ఖర్చుపెట్టమని రాతపూర్వకంగా అడగడమే దారి.

ప్రశ్న: దీనికి తిరగమాట. అమెరికాలో హరికేన్ వచ్చినప్పుడు మన పిల్లలున్న ఊళ్లకు మన సంఘం ఇక్కడినుంచి సాయం పంపగలదా? (జయపురం)

సంఘంగా కుదరదు. విదేశాలకు డబ్బు పంపే ఉదారీకృత పథకం మనుషులకే కాని సంఘాలకు వర్తించదు. ఒక వ్యక్తి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విరాళం కింద కూడా పంపొచ్చు, పాన్, విదేశాలకు పంపేటప్పుడు బ్యాంకుకిచ్చే ఏ2 ఫారం ఉండాలి. కాని ఐదు వేలూ పదివేలూ పంపితే బ్యాంకు రుసుములే సగం తింటాయి. పిల్లలనే అక్కడ ఇమ్మనడం మేలు.

వాళ్లకి చెప్పాల్సింది ఇది. అక్కడి హరికేన్ కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. 2024 సెప్టెంబరు 26 రాత్రి హెలీన్ హరికేన్ ఫ్లోరిడా తీరం దాటింది, దాని వరదలకు ఎక్కడో లోపల నార్త్ కరోలినా కొండల్లో ఉన్న ఆష్‌విల్ ప్రాంతం కొట్టుకుపోయింది. తిత్లీకి గజపతి ఎలాగో అలాగ. అలాంటప్పుడు మొదట కదిలేది ఇరుగుపొరుగు సహాయ బృందాలు, చర్చీలు, పల్లెల్లోని వాలంటీరు అగ్నిమాపక దళాలు, ఆ జిల్లా కమ్యూనిటీ ఫౌండేషన్లు. సంస్థ పేరుతో గాని, ఈఐఎన్ నంబరుతో (అక్కడి సంస్థల పన్ను గుర్తింపు సంఖ్య) గాని అమెరికా పన్నుశాఖ వెబ్‌సైటులో వెతికితే పన్ను మినహాయింపు ఉన్నదో లేదో తెలుస్తుంది. చిన్న బృందాలకు సొంత రిజిస్ట్రేషన్ ఉండదు, పెద్ద సంస్థ గొడుగు కింద డబ్బు తీసుకుంటాయి. ఆ గొడుగు సంస్థ ఏదని అడగాలి, దాన్నే వెతకాలి. నార్త్ కరోలినాలో చందాలు వసూలుచేసే సంస్థల మీద నిఘా ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్‌ది, ఫ్లోరిడాలో అయితే వ్యవసాయ, వినియోగదారుల సేవల శాఖది. ఆ సంగతి మనవాళ్లకు ఎక్కువమందికి తెలీదు.

ప్రశ్న: పన్ను రాయితీ వస్తుందా?

విరాళాలకి పన్ను రాయితీ గుర్తింపు (80జీ అని పిలిచేది) ఉన్న సంస్థకి ఇస్తే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నగదుగా 2 వేలు మించి ఇస్తే రాదు. బియ్యం, దుప్పట్ల రూపంలో ఇచ్చినదానికి రాదు. ఊరి మహిళా సంఘానికి ఇచ్చినదానికి రాదు. రాయితీ కోసమే అయితే సంఘాల జోలికి పోకండి.

ప్రశ్న: గుణుపురం దగ్గర మాదొక చిన్న మహిళా సంఘం. తుఫానుకి వంటశాల పెట్టాం, బయటివాళ్లు చందాలిస్తామంటున్నారు. ఎలా తీసుకోవాలి, లెక్క ఎలా చూపాలి?

ముందు డబ్బు ఎక్కడ పడుతుందో చూసుకోండమ్మా. సంఘానికి లోను ఉన్న పొదుపు ఖాతాలోకి చందాలు తీసుకోవద్దు. వాయిదా బాకీ ఉంటే బ్యాంకు ఆ ఖాతాలోంచి కోసేసుకునే అవకాశం ఉంది, దాత డబ్బు అప్పుకి జమైపోతుంది. తీర్మానం రాసి, అధ్యక్షురాలు, కార్యదర్శి ఇద్దరి సంతకంతో నడిచే వేరే ఖాతా తెరవండి. అది తెరిచేదాకా మీ గ్రామ సమాఖ్య ఖాతా వాడుకోవచ్చేమో అడగండి. ఎవరో ఒకరి సొంత ఫోన్‌పే నంబరు పోస్టరు మీద వేయడం మాత్రం వద్దు. వందలమంది పంపేసరికి బ్యాంకు అనుమానించి ఖాతా ఆపేస్తే, ఆవిడ ఇంటి ఖర్చుల డబ్బు కూడా ఇరుక్కుంటుంది.

వంట లెక్క: వందమందికి ఒక పూట అన్నం, దాల్మా (పప్పు, కూరగాయలు కలిపి వండేది) అంటే బియ్యం 15 కిలోలు, పప్పు 4 కిలోలు, కూరగాయలు 10 కిలోలు, నూనె లీటరున్నర, ఉప్పు కిలోకి కాస్త తక్కువ. దాతకి ఈ లెక్కే చెప్పండి. ‘ఏమైనా ఇవ్వండి’ అంటే బిస్కెట్లు వస్తాయి. ‘మూడు పూటలకి పప్పు 12 కిలోలు తక్కువ పడింది’ అంటే పప్పు వస్తుంది. వండింది రెండు గంటల్లో పెట్టేయాలి, పక్క ఊరికి పంపాలంటే అన్నం పంపకుండా సరుకే పంపండి.

వంటనీళ్లు బావివైతే బ్లీచింగ్ తప్పదు. రెండు మీటర్ల అడ్డకొలత, మూడు మీటర్ల నీళ్లున్న బావిలో దాదాపు 9,400 లీటర్లుంటాయి. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి లెక్కన మామూలు రోజుల్లో 24 గ్రాములు చాలు. వరదనీరు కలిసిన బావిని ముందు తోడించి, రెట్టింపుతో మొదలుపెట్టాలి. పొడిని బకెట్లో ముద్దగా కలిపి నీళ్లు పోసి, పది నిమిషాలకు తేరిన నీటినే బావిలోకి దించాలి, అడుగు సున్నం వెయ్యకూడదు. గంటయ్యాక పరీక్ష మందుతో నీళ్లు లేత పసుపు తిరిగితే వాడుకోండి, తిరక్కపోతే మళ్లీ వెయ్యండి. మూత తీసి ఉంచిన పాత సంచిలో పొడికి బలం ఉండదు, ఊరికే తెల్లరంగు. ఆరోగ్య కేంద్రంలో కొత్తది అడిగి తెచ్చుకోండి.

ఇక లెక్క చూపడం. ఒక నోటు పుస్తకం, నాలుగు గీతలు: తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది. పోయినదానికి బిల్లు నంబరు. బిల్లు లేని కూలికి వేలిముద్రో సంతకమో ఉన్న చీటీ. సరుకుగా వచ్చినదాన్ని విడి పేజీలో బరువుతో రాయండి, డబ్బుతో కలపొద్దు. పదిహేను రోజులకొకసారి ఆ పేజీ తెలుగులోనూ ఒడియాలోనూ రాసి అంగన్‌వాడీ గోడకి అంటించి, ఫొటో తీసి దాతలకు పంపండి. మిగిలిన డబ్బుని మిగిలిందని రాయడానికి చాలా సంఘాలు మొహమాటపడి, ఆఖర్న హడావిడిగా ఏదో కొనేస్తాయి. అక్కర్లేదు. మిగిలిన 11 వేలు మే నెల గాలులకి తాడు, టార్పాలిన్ల కోసం ఉంచామని తీర్మానం రాస్తే, వచ్చే ఏడు అదే దాత మళ్లీ పంపిస్తాడు.